ప్రొఫెసరు గారికి కావలసిన ఇరవై పేజీలు

కిందటేడు ఒక సాహిత్య సభలో నా నవల మీద మాట్లాడుతూ ఒక పెద్దాయన అన్నారు గదా: "నవల బాగానే వుందమ్మా, చదివించింది. కానీ సర్పంచి కథ అన్నావు, పంచాయతీ ఆఫీసు ఏదీ? సగానికి సగం పేజీలు వంటింట్లోనే గడిచిపోయాయి. రాజకీయం రాయాలంటే ముందు రాజకీయం తెలియాలి మరి!" సభలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాం? ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా కథలో ఆవిడ రిజర్వేషన్ సీటులో గెలిచిన సర్పంచి. ఆవిడ సంతకాలు పెట్టేది వంటింటి గుమ్మంలో. కాగితాలు మోసుకొచ్చేది మొగుడు. ఆఫీసులో కుర్చీ మీద కూచునేదీ ఆయనే. మరి పంచాయతీ ఆఫీసు నేనెక్కడినుంచి తెచ్చి చూపించనూ?

ఆ దిగుల్లో వుండగా, బి.ఏ. చదివే రోజుల్లో ఒకసారి చదివి పక్కన పెట్టేసిన ఒక నవల మళ్లీ చేతికొచ్చింది. కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ రాసిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'. మన మాటల్లో చెప్పాలంటే 'దాసి కథ'. చదువుతూ చదువుతూ చివరికొచ్చేసరికి, నమ్మండి, సభలోని ఆ పెద్దాయనే మళ్లీ నాకక్కడ ప్రత్యక్షమయ్యారు! ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ దేశం సంగతి చూద్దాం.

ఆవిడ ఈ నవలని 1984లో పశ్చిమ బెర్లిన్‌లో వుండగా అద్దె టైపురైటరు మీద మొదలుపెట్టారు. 1985లో అచ్చయింది. అమెరికా పోయి దాని చోట 'గిలాదు రిపబ్లిక్' అనే దేశం పుట్టినట్టు కల్పన. గిలాదు బైబిల్లో వచ్చే పేరే. మనకి రిపబ్లిక్ అంటే జనవరి 26, జెండా, చిన్నప్పుడు బళ్లో పంచిన చాక్లెట్టూ. రాజ్యాంగం వుంటుంది, వోటు వుంటుంది. గిలాదులో ఈ రెండూ వుండవు. పేరు మాత్రం రిపబ్లిక్కే. అసలు లేనివాళ్లే పేరు పెద్దది పెట్టుకుంటారు కాబోలు!

ఈ దేశం ఎలా పుట్టిందో రచయిత్రి రెండు మూడు పేజీల్లో తేల్చేశారు. అధ్యక్షుణ్ణి కాల్చేశారు. చట్టసభ మీద మరతుపాకులు పేల్చారు. నేరం వేరే మతంవాళ్ల మీదికి నెట్టారు. రాజ్యాంగాన్ని 'తాత్కాలికంగా' పక్కన పెడుతున్నామన్నారు. జనం వీధుల్లోకి రాలేదు. ఇళ్లల్లో కూచుని టీవీ చూశారు. అంతే! ఇంకో రచయితయితే ఈ కుట్రకే నాలుగు వందల పేజీలు రాసి వుండేవాడు. ఈవిడ అక్కడ ఆగలేదు. ఒక సిగరెట్ల కొట్టు దగ్గర ఆగారు.

కథ చెప్పే అమ్మాయి ఒక ఉదయం ఆఫీసుకి వెళ్తూ సిగరెట్లు కొనబోతుంది. కార్డు పనిచెయ్యదు. యంత్రంలో ఏదో లోపం అనుకుంటుంది. మధ్యాహ్నం ఆమె పనిచేసే లైబ్రరీలో డైరెక్టరు వచ్చి, ఆడవాళ్లందర్నీ వెళ్లిపొమ్మంటాడు. వరండాలో తుపాకులు పట్టుకుని మనుషులు. సాయంత్రానికి తెలుస్తుంది, దేశంలో ఆడవాళ్ల బ్యాంకు ఖాతాలన్నీ ఆగిపోయాయని. ఆ డబ్బు ఇక భర్త వాడుకోవచ్చు, లేదా దగ్గరి మగ బంధువు వాడుకోవచ్చు. భర్త మంచివాడే. నిన్ను నేను చూసుకుంటానుగా అని ఓదారుస్తాడు. ఆ రాత్రి ఆమెకి ఒక అనుమానం వస్తుంది: ఈయనకి ఇది పెద్ద కష్టంగా లేదేమో! ఒకవేళ లోపల్లోపల బాగానే వుందేమో! అడగదు. జవాబంటే భయం.

ఈ చోట నేను పుస్తకం మూసి కాసేపు కూచుండిపోయాను. ఒక్క మీటతో దేశంలో సగం మంది, మిగతా సగం మంది మీద ఆధారపడేలా అయిపోయారు. ఈ నవల వచ్చిన 1985 సంవత్సరం నుంచే మన ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం వర్తించింది. ఆ వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనిస్తారో లేదోనని ఊరుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? చట్టం ఇచ్చినదాన్ని ఇల్లు ఆపగలదు. ఇంట్లో నడుస్తున్నదాన్ని చట్టం తీసేసుకోగలదు. ఈ రెండూ వేరువేరు లోకాలని ఎవరు చెప్పారు మనకి?

ఇక గిలాదు ప్రభుత్వ నిర్మాణం. పైన నల్లబట్టల కమాండర్లు. యుద్ధాలు చేసే సైనికుల పేరు 'దేవదూతలు'. కాపలాలు కాసేవాళ్లు 'గార్డియన్లు'. వీళ్లందరి మీదా నిఘా వుంచే గూఢచారులకి 'కళ్లు' అని పేరు. ఇక ఆడవాళ్లు. కమాండర్ల భార్యలకి నీలం రంగు బట్టలు. వంటా ఇంటిపనీ చేసే 'మార్త'లకి ఆకుపచ్చ. శిక్షణ పేరుతో అందర్నీ అదుపులో పెట్టే 'ఆంట్'లకి గోధుమరంగు. కాలుష్యం వల్లా రోగాల వల్లా దేశంలో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది కనుక, కనగలిగిన ఆడదాన్ని పట్టుకొచ్చి, పిల్లలు లేని కమాండర్ల ఇళ్లల్లో 'దాసి'గా పెడతారు. ఆమెకి ఎరుపు. బైబిల్లో రాహేలు తన దాసి బిల్హాని యాకోబుకి ఇచ్చింది కదా, అదే వీళ్లకి శాస్త్రం. మన కథానాయిక చేసుకున్నది రెండో పెళ్లివాణ్ణి. ఆ పెళ్లి చెల్లదన్నారు, కూతుర్ని లాక్కున్నారు, ఈమెని దాసిని చేశారు.

పేదవాళ్ల భార్యలకి మాత్రం నీలం, ఆకుపచ్చ, ఎరుపు కలిసిన చారల గౌను. ఎందుకో తెలుసా? ఆ ఇంట్లో భార్యా, వంటమనిషీ, పిల్లల్ని కనేదీ అన్నీ ఆవిడే! ఇది చదివి నాకు నవ్వాగలేదు. చారల చీర కట్టుకుని కూచున్నాను ఆ పూట. ఇది మనమే కదూ!

దాసికి సొంత పేరు వుండదు. కమాండర్ పేరు ఫ్రెడ్ అయితే ఆమె 'ఆఫ్‌ఫ్రెడ్'. అంటే ఫ్రెడ్ గారి తాలూకు. "ఏమ్మా, మీరు ఎవరి తాలూకు?" అని పెళ్లిళ్లలో అడిగించుకున్న మనకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

మరి ఈ కమాండర్ల పైన ఎవరున్నారు? వాళ్లు ఎక్కడ కూచుంటారు? ఎవరు ఎవర్ని ఎన్నుకుంటారు? నవల చెప్పదు. కథ చెప్పే అమ్మాయికి తెలియదు కనుక. ఆమెకి తెలిసింది ఆ ఇల్లు. మేడ మీద తన గది, కింద వంటిల్లు, ముందుగది, తోట, బజారుకి వెళ్లే దారి. అయితే ఆ ఇంటినే ఎలా చూపించారో చూడండి.

వంటమనిషి రీటా ఆమెకి బజారుకి టోకెన్లు ఇస్తుంది. వాటి మీద గుడ్ల బొమ్మ, చీజ్ బొమ్మ, మాంసం బొమ్మ. అక్షరాలుండవు. ఆడవాళ్లు చదవకూడదు కనుక కొట్ల బోర్డుల మీద కూడా బొమ్మలే. బజారుకి ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరిద్దరు వెళ్లాలి. తోడు కోసమనుకున్నారా? కాదు, ఒకళ్ల మీద ఒకళ్లు కన్నేసి వుంచడానికి! ముందుగది భార్య రాజ్యం. అందులోకి రావాలంటే కమాండరంతటివాడు కూడా తలుపు తట్టి, అడిగి రావాలి. కానీ ఆ గదిలో వున్న బైబిలు పెట్టెకి తాళం వేసి వుంటుంది. తాళంచెవి ఆయన దగ్గర. రాత్రి ఇంటిల్లిపాదీ చేరితే ఆయన తాళం తీసి, చదివి, మళ్లీ వేస్తాడు. భార్యకి గది ఇచ్చారు, పుస్తకం ఇవ్వలేదు. ఈ ఒక్క దృశ్యంలో ఆ దేశపు రాజ్యాంగం అంతా లేదూ?

దాసీల మొహానికి క్రీము ఇవ్వరు. అది భార్యల నిర్ణయం. అందుకని ఈ అమ్మాయి భోజనంలో వచ్చిన వెన్నముక్క దాచి, బూటు మునివేళ్ల దగ్గర పెట్టుకుని, రాత్రి మొహానికి రాసుకుంటుంది. ఎందుకు? ఎవరో ఒకరు ఏదో ఒకరోజు మళ్లీ ఆప్యాయంగా తాకుతారని ఆశ. తిరుగుబాటంటే జెండాలూ నినాదాలూ అనుకుంటాం. ఈ పుస్తకంలో తిరుగుబాటు బూటులో దాచిన వెన్నముక్కతో మొదలవుతుంది.

ఇక ఆంట్‌ల సంగతి. ఈ దేశంలో చదవడం రాయడం చెయ్యనిచ్చే ఆడవాళ్లు వీళ్లొక్కరే. చేతిలో పశువుల్ని అదిలించే కరెంటు కర్ర వుంటుంది. తుపాకీ మాత్రం ఇవ్వరు. తుపాకీ మగవాళ్ల దగ్గరే! ఆడవాళ్లని ఆడవాళ్ల చేతే అదుపులో పెట్టించడం ఖర్చు తక్కువ పద్ధతి అని ఆ రాజ్యం కట్టినవాళ్లు లెక్కవేశారు. ఇది చదువుతుంటే నాకు మా అమ్మమ్మగారింట్లో వుండే ఒక పెద్దావిడ గుర్తొచ్చింది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరింది. తెల్లపంచె తప్ప రంగు బట్ట ఎరగదు. పెళ్లిలో ముందుకి రాకూడదు. కానీ ఇంట్లో కోడళ్లు ఎవరు ఎంతసేపు నిద్రపోయారో, ఎవరు నవ్వారో, ఎవరికి ఉత్తరం వచ్చిందో లెక్క ఆవిడది. సామాన్లగది తాళాలు ఆవిడ బొడ్లో. చిన్నప్పుడు ఆవిడంటే నాకు కోపం. ఇప్పుడనిపిస్తుంది, పాపం ఆ ఇంట్లో ఆవిడకి దొరికిన ఉద్యోగం అదొక్కటే! రాక్షసిలా రాయడం తేలిక. ఆ ఉద్యోగం ఎవరిచ్చారో రాయడం కష్టం. ఆట్‌వుడ్ ఆ కష్టమైన పని చేశారు.

కమాండర్ భార్య సెరీనా జాయ్‌ని కూడా అంతే. పూర్వం ఈవిడ టీవీలో భక్తి గీతాలు పాడేది. ఆ తర్వాత ఊరూరా తిరిగి, ఆడది ఇంటిపట్టున వుండాలని ఉపన్యాసాలు ఇచ్చేది. తను మాత్రం ఇంట్లో వుండేది కాదు! ఇప్పుడు ఆవిడ కోరిన రాజ్యమే వచ్చింది. ఇంట్లోనే కూచుంది. సైనికులకి మఫ్లర్లు అల్లుతోంది. ఎవరి మీద మండిపడాలో తెలియక ఆ దాసి మీద మండిపడుతుంది.

ఇంత గట్టిగా కట్టిన రాజ్యానికి చెదలు ఎక్కడ పట్టిందయ్యా అంటే, పైనుంచే. కమాండర్ గారు రాత్రిపూట దాసిని రహస్యంగా తన గదికి రమ్మంటారు. మనం ఏదో అనుకుంటాం. ఆయనకి కావలసింది అక్షరాలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట! ఆడవాళ్లకి అక్షరం నేరం కనుక ఆ ఆటే పాపమయింది. ఆయన స్నేహితులకి ఊళ్లో ఒక చాటు క్లబ్బు కూడా వుంది. ఇక భార్య ఏం చేస్తుంది? బిడ్డ కోసం ఆ దాసిని డ్రైవరు దగ్గరికి తనే పంపుతుంది. అందుకు లంచంగా లాక్కున్న కూతురి ఫోటో ఒక్కసారి చూపిస్తుంది. చట్టం రాసినవాళ్లే చట్టాన్ని ముందు తప్పారు. ఈ నిజం కూడా ఇంట్లో వున్నవాళ్లకే తెలుస్తుంది. ఆఫీసులో కూచుంటే తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వస్తాను. నవల చివర ఒక సభ జరుగుతుంది, 2195 జూన్ 25న. గిలాదు ఎప్పుడో కూలిపోయింది. ఈ అమ్మాయి టేపుల మీద చెప్పిన కథ సుమారు ముప్ఫై క్యాసెట్లుగా ఒక ఇనప్పెట్టెలో దొరికింది. పీక్సోటో అనే ప్రొఫెసరు దాని మీద ప్రసంగిస్తాడు. మధ్యమధ్య ఆడవాళ్ల మీద చిన్న చిన్న జోకులు. సభలో నవ్వులు. ఆ కమాండర్ అసలు ఎవరై వుంటాడా అని బోలెడంత పరిశోధన. ఆ అమ్మాయి ఏమయిందన్నది మాత్రం తేలదు. చివరికి ఒక నిట్టూర్పు: ఈవిడకి విలేఖరి బుద్ధో, గూఢచారి బుద్ధో వుండివుంటే ఆ రాజ్యం ఎలా నడిచిందో చెప్పి వుండేది కదా, ఆ కమాండర్ కంప్యూటరులోంచి ఒక ఇరవై పేజీలు దొరికితే ఎంత బాగుండును అని!

చూశారా? మూడు వందల పేజీల ఆడమనిషి గొంతు చేతిలో పెట్టుకుని, మగవాడి ఇరవై పేజీల కోసం బెంగ! టోకెన్ల మీద బొమ్మలెందుకు, పెట్టెకి తాళమెందుకు, వెన్న బూటులో ఎందుకు, ఇవన్నీ ఆ రాజ్యం ఎలా నడిచిందో చెప్పడం కాదూ? ప్రొఫెసరు గారికి అవి వంటింటి కబుర్లలా వినిపించాయి. ఈ చివరి అధ్యాయం అనవసరం అనేవాళ్లున్నారు. నా మటుకు నాకు ఇది లేకపోతే నవలే లేదు. గిలాదు కూలిపోయినా, ఆ గిలాదుని పుట్టించిన చెవుడు కూలలేదని ఇక్కడే తెలుస్తుంది.

ముప్ఫైనాలుగేళ్ల తర్వాత, 2019లో, ఆట్‌వుడ్ దీనికి కొనసాగింపుగా 'ది టెస్టమెంట్స్' రాశారు. దానికి ఆ ఏడు బుకర్ బహుమతి వచ్చింది, బెర్నార్డిన్ ఎవరిస్టోతో కలిపి. ఇందులో ప్రొఫెసరు గారి కోరిక తీరింది. పై మండలి కనిపిస్తుంది, 'కళ్ల'కి అధిపతి అయిన కమాండర్ జడ్ కనిపిస్తాడు, ఆంట్‌ల వ్యవస్థని ఎవరు ఎలా కట్టారో దాని పెద్ద ఆంట్ లిడియా స్వయంగా చెబుతుంది. ఆవిడ పూర్వాశ్రమంలో జడ్జి. చావా, ఉద్యోగమా అంటే ఉద్యోగం తీసుకుంది. ఆ తర్వాత కమాండర్ల గుట్లన్నీ ఫైళ్లలో దాచి, వాటితోనే రాజ్యాన్ని కూల్చబోతుంది. లిడియా అద్భుతమైన పాత్ర. కానీ మిగతా నవల నాకు అపరాధ పరిశోధనలా వేగంగా నడిచిపోయింది. పైనున్నవాళ్లు కనిపించాక భయం తగ్గింది. వాళ్లు ఫలానా దుర్మార్గులు, వీళ్లని పట్టిస్తే సరి అనిపించింది. మొదటి నవలలో అలా తేలిగ్గా వదలరు. అక్కడ దుర్మార్గం ఫలానా మనిషిలో లేదు, ఇంటి పద్ధతిలో వుంది.

మొదటి నవలలో లోపం లేదని కాదు. నల్లవారిని ఏం చేశారన్నది టీవీ వార్తల్లో నాలుగు వాక్యాలతో సరిపెట్టారు. వాళ్లని దూరంగా ఎక్కడికో తరలిస్తున్నారట, అంతే. పుట్టుకని బట్టి మనుషుల్ని విడదీయడం ఎలాంటిదో తెలిసిన దేశంలో కూచుని చదువుతున్న మనకి ఇది చాలదు. ఇంటి లోపల గదిగదికీ అంతస్తులు చూపించిన చెయ్యి, ఇంట్లోకే రానివ్వనివాళ్ల సంగతి వచ్చేసరికి తొందరపడింది. ఆ చారల గౌను ఆడవాళ్ల గురించి కూడా ఒకటి రెండు చోట్లే చెప్పారు. ఒకామె నల్లముసుగు కింద నుంచి మన కథానాయిక వంక చిరాగ్గా చూస్తుంది. ఆ చిరాకు వెనక ఇంకో నవల వుంది.

ఇంత చెప్పి, సభలో ఆ పెద్దాయన మాట పూర్తిగా తప్పంటానా? మొదట అలాగే అందామనుకున్నాను. ఆట్‌వుడ్‌ని సాక్షిగా తెచ్చి నాలుగు దులిపేద్దామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. కానీ రాస్తూ రాస్తూ నా నవల మళ్లీ తీసి చూసుకుంటే, సిగ్గేసింది. నా వంటింట్లో పోపుల ఘుమఘుమలున్నాయి, ఆవిడ కన్నీళ్లున్నాయి, అత్తగారి సాధింపులున్నాయి. కానీ ఆట్‌వుడ్ వంటింట్లో ప్రతి వస్తువు వెనకా ఒక ఉత్తర్వు నిలబడి వుంటుంది. గుడ్డు వెనక టోకెను, టోకెను వెనక కమాండర్ హోదా, హోదా వెనక తుపాకీ. నా వంటింట్లో వస్తువుల వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆయన 'పంచాయతీ ఆఫీసు ఏదీ' అన్నది తప్పు ప్రశ్నే. 'పంచాయతీ ఆఫీసు ఈ వంటింట్లో ఎక్కడుంది' అని అడిగి వుంటే నా దగ్గర జవాబు లేదు.

నవల రెండో ముద్రణకి వస్తోంది. ప్రచురణకర్త ఏమన్నా మార్పులుంటే పంపండి అన్నారు. ఆ సభ తర్వాత పౌరుషంకొద్దీ పంచాయతీ ఆఫీసు మీద ఒక అధ్యాయం రాసి పెట్టుకున్నాను. తీర్మానాలు, కోరాలు, బడ్జెట్లు అన్నీ వున్నాయందులో. మొన్న అది చింపేశాను. దాని బదులు ఒకే ఒక పేజీ రాసి పంపాను. సోమవారం పొద్దున్న ఆవిడ బట్టలు నానబెడుతూ, అలవాటు ప్రకారం మొగుడి చొక్కా జేబులు తడుముతుంది. చిల్లరా, బస్సు టిక్కెట్టూ, వాటితోబాటు ఒక రబ్బరు స్టాంపు. తిప్పి చూస్తే తన పేరు, కింద సర్పంచి అని. ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూసుకుంటుంది. తర్వాత పోపులపెట్టెలో, ఆవాల గిన్నె కింద దాస్తుంది.

ఆ సాయంత్రం ఆయన ఇల్లంతా వెతుకుతాడు.